దురద చెప్పిన సాక్ష్యం

"సంతకం పెట్టను సార్. మీరేం చేసినా పెట్టను."

రమ పెన్ను బల్ల మీద విసిరేసింది. అది దొర్లుకుంటూ పోయి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అనిల్‌కుమార్ టోపీకి తగిలి ఆగింది. డాక్టర్ హరనాథబాబు ఎముకల దవాఖానలో నర్సుల డ్యూటీ గది అది. లోపల రమ, ఇన్‌స్పెక్టరు, ఒక మహిళా కానిస్టేబులు. బయట వరండాలో నర్సింలు గుడ్లెర్రజేసుకుని నిలబడ్డాడు. మూడు వారాల కింద ఈ దవాఖానలోనే నిద్రలో ప్రాణం విడిచిన అంజమ్మ అతని తల్లి.

"పెట్టకుంటే అరెస్టు ఆగుతదా? లే, జీపెక్కు," అన్నాడు అనిల్‌కుమార్.

"ఎక్కదు."

ఆ మాట గుమ్మంలోంచి వచ్చింది. రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించి, మనిషి దూరే సందు లేకుండా డాక్టర్ జమునాబాయి నిలబడి ఉంది. డోంగ్లి ఊరి మనిషి. ఇరవై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లలో మత్తుమందు డాక్టరుగా చేసి, ఆ ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు అచ్చైన వైద్య పరిశోధనల్లో నిజమెంతో బూటకమెంతో తవ్వితీసే పని పెట్టుకుంది. పేరుకు పరిశీలకురాలు. చేసేదంతా అచ్చం డిటెక్టివ్ పని. డాక్టర్లకు ఆమె పొడ గిట్టదు, పోలీసులకు అసలే గిట్టదు. వాళ్లకు గిట్టాలని ఆమె ఎన్నడూ మొక్కుకోలేదు కూడా!

"మేడమ్, మీరు గిండ్ల తల దూర్చకుండ్రి," అన్నాడు అనిల్‌కుమార్. "ఫోరెన్సిక్ రిపోర్టు పొద్దున్నే వచ్చింది. అంజమ్మ ఒంట్ల మార్ఫిన్ దొరికింది. హరనాథబాబు సార్ ఇచ్చిన మందుల మార్ఫిన్ లేనే లేదు. ఆ రాత్రి డ్యూటీల ఉన్నది ఈమె. మార్ఫిన్ బీరువా తాళంచెవి ఈమె కాడనే ఉన్నది. ముసలామె నొప్పి నొప్పి అని మొత్తుకుంటే విసుగొచ్చి సూది పొడిచింది. ఊపిరాగి సచ్చిపోయింది. ఇంకేం గావాలె?"

"ఆ బీరువాకు తాళాలెన్ని?"

"అంటే?"

"చూడలేదా? రెండు. ఒక చెవి డ్యూటీ నర్సు దగ్గర, ఇంకోటి పెద్ద డాక్టరు దగ్గర. రెండూ తిప్పితేనే తలుపు తెరుచుకుంటది. ఈమె ఒక్క చెవితోని ఎట్ల తెరిచింది సార్? ఉఫ్ అని ఊదిందా?"

మహిళా కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. అనిల్‌కుమార్ మెడ ఎర్రబడింది.

"రెండోది దొంగిలించి ఉంటది."

"ఉంటది అని జడ్జి ముంగట గూడ గిట్లనే చెప్తరా?"

"అంజమ్మతోని బీడీలు చుట్టే కార్మికులు నిన్న రోడ్డు మీద కూసున్నరు మేడమ్. ఐదింటికి ఎస్పీగారు ఫోన్ చేస్తరు. అప్పటికి ఈమె స్టేషన్ల ఉండాలె, లేకుంటే నా టోపీ ఊడుతది."

"ఐదు కానియ్యి. అప్పటిదాక ఈ పిల్ల ఎక్కడికీ పోదు. నన్ను గూడ పట్టుకపోతనంటే పోదాం పా, నేనేం భయపడ. కానీ ముందు అంజమ్మ పోయిన గది చూడాలె."

అనిల్‌కుమార్ గడియారం చూసుకున్నాడు. ఈమెను తోసేసి పోవచ్చు. కానీ రెండు తాళాల మాట కోర్టుదాకా పోతే పరువు పోయేది ఎవరిదో ఆయనకు తెలుసు. "పోండ్రి. ఈమె దవాఖాన దాటి ఒక్క అడుగు బయటపడొద్దు," అని కానిస్టేబులుకు రమను చూపించాడు.

నిజానికి జమునాబాయి బాన్సువాడకు వచ్చింది రమ కోసం కాదు. ఆపరేషన్ అయ్యాక నొప్పి తెలియకుండా వెన్ను దగ్గర సన్నని గొట్టం పెట్టి మందు ఎక్కిస్తారు. ఎపిడ్యూరల్ అంటారు. అందులో ఏ మందు మంచిదో రాష్ట్రంలోని దవాఖానలన్నిటికీ చెప్పే కమిటీలో ఆమె ఉంది. దేశదేశాల పరిశోధనలు ముందేసుకుని కూర్చుంటే, అన్నిటికన్నా బ్రహ్మాండమైన ఫలితాలు బాన్సువాడ నుంచి వచ్చి కనిపించాయి! రాసింది హరనాథబాబు. ఇంకా నడుస్తున్న పరిశోధన, ఇప్పటికి అరవై మంది రోగులు. సగం మందికి 'ఏ' పెట్టెలోది, సగం మందికి 'బీ' పెట్టెలోది; ఒకటి కొత్త మందు, ఒకటి పాతది. ఎవరికి ఏది పోతోందో రోగికీ తెలియదు, నర్సుకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 'ఏ' వాళ్లకు రోజంతా నొప్పి మాయం. ఒక్కరికి వాంతి లేదు, ఒక్కరికి దురద లేదు, మధ్యలో ఇంటికి పోతానన్నవాడు లేడు.

అది చదివినప్పుడే జమునాబాయికి ఒళ్లు మండింది. బాన్సువాడలో అరవై మందిని ఒకచోట కూర్చోబెడితే టీలో చక్కెర దగ్గరే ఒక్క మాట మీద నిలబడరు. అరవై ఒళ్లు ఒక్క మాట మీద నిలబడ్డాయా? అంతకన్నా భయపెట్టింది చివరి వాక్యం. ఈ మందులో మార్ఫిన్ లేదు కాబట్టి రాత్రి రోగి ఊపిరిని కనిపెట్టి ఉండనక్కర్లేదు అని రాశాడు. నర్సుల కరువున్న దవాఖానలన్నీ ఆ వాక్యాన్ని కళ్లకద్దుకుంటాయి. కమిటీ ఔనంటే చాలు, ఊరూరా అదే మందు.

రమనూ కానిస్టేబులునూ వెంటబెట్టుకుని జమునాబాయి వెళ్లిన ఆడవాళ్ల గదిలో నాలుగు మంచాలున్నాయి. కిటికీ పక్కది అంజమ్మ పడుకున్న మంచం, ఖాళీగా ఉంది. అవతల రెండింటిలో మనుషులున్నారు. జమునాబాయి ఎవరితోనూ మాట్లాడకుండా ముందు గదంతా ఒకసారి తిరిగింది. మంచం కిందికి వంగి చూసింది. గోడకున్న ఆక్సిజన్ గొట్టం లాగి చూసింది. ఊపిరి సరిగా ఆడుతోందో లేదో చెప్పడానికి వేలికి తగిలించే క్లిప్పు తలాపున వేలాడుతోంది. దాని ప్లాస్టిక్ తొడుగు కూడా ఎవరూ విప్పలేదు.

"దీన్ని ఎందుకు వాడలె?"

"సార్ ఒద్దన్నడు మేడమ్," అంది రమ. "ఇదివరకు మార్ఫిన్ ఇచ్చినోళ్లను గంట గంటకు లేపి ఊపిరి లెక్కపెట్టేటోళ్లం. ఈ కొత్త మందు వచ్చినంక, లేపకుండ్రి, పండుకోనియ్యుండ్రి అన్నడు. అంజమ్మవ్వ గురక పెడుతుండె. పాపం, మంచిగ నిద్రవట్టిందనుకున్న." ఆమె తల వంచుకుంది. వెంటనే తలెత్తింది. "కానీ నేను సూదెయ్యలే. ఎవరి ముంగటనైనా చెప్త. హంతకురాలన్న పేరువడితే మళ్ల నన్ను ఏ దవాఖాన గడప తొక్కనిస్తరు? అందుకే సంతకం పెట్టలే."

"పెట్టకు," అంది జమునాబాయి.

ఆమె చూపు కిటికీ అరుగు మీద ఆగింది. దుమ్ములో పౌడరు డబ్బాలు వరసగా ఉన్నాయి. చెమటకాయలకు చల్లుకునే రకం. కొన్ని సగం వాడినవి, కొన్ని మూత తీసి వదిలేసినవి. ఒకటో రెండో అయితే సరే. ఇన్నెందుకు?

"ఇవి దవాఖానవా?"

"కాదు మేడమ్. పేషెంట్లోళ్లు కొనుక్కొచ్చుకొని ఇడిచి పోతరు. దురదకు."

"దురదా! కాయిదం మీద ఒక్కరికి గూడ దురద లేదు కదా?"

రమ జవాబు చెప్పేలోపు తలుపు దగ్గర కేక వినిపించింది. నర్సింలు కానిస్టేబులును తోసుకుని లోపలికొచ్చేశాడు.

"మా అవ్వను సంపినదాన్ని ఎంటేసుకొని తిరుగుతున్నవా నువ్వు? డాక్టరమ్మవా, దీని వకీలువా?"

"నర్సింలు, అరువు. నీకు హక్కుంది," అంది జమునాబాయి. "కానీ ఒక్కటి చెప్పు. మీ అవ్వను సంపినోళ్లు దొరకాల్నా నీకు, ఎవరో ఒకరు జైలుకు పోతే సాలా?"

అతను తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"సంపినోళ్లే దొరకాలె."

"అయితే అడిగినదానికి జవాబియ్యి. ఆపరేషన్ అయినంక అవ్వను ఇక్కడికి ఎప్పుడు తెచ్చిండ్రు?"

"పొద్దున పదింటికి."

"నొప్పి ఎట్లుండె?"

"మధ్యాహ్నం అడిగిన. రూపాయిల బారాణ పోయింది బిడ్డా, ఇంక పావలానే ఉన్నది అన్నది. ఇంక జర సేపటికి రూపాయికి రూపాయి పోయిందన్నది. గంత మంచిమందు పెట్టిండ్రు సార్లు. ఇగో గీమెనే రాత్రి వచ్చి..."

"రాత్రి సంగతి తర్వాత. పగటీలి ఇంకేం చేసింది మీ అవ్వ?"

"ఏం చేస్తది? కండ్లు మూతలువడుతుండె. ముక్కు గోక్కుంట పండుకున్నది."

జమునాబాయి అతని దగ్గరికి ఒక అడుగు వేసింది. "ముక్కా?"

"ముక్కు, మొకం. బీడీలు చుట్టేటామెకు తంబాకు దురద ఉండదా? నేనే పోయి పౌడర్ డబ్బ తెచ్చిన."

"ఎప్పుడు తెచ్చినవ్? మంచిగ యాది చేస్కో."

నర్సింలు నుదురు రుద్దుకున్నాడు. "బడి ఇడిచిపెట్టిండ్రు. పోరగాండ్లు దుకాణం మీద పడి ఐసులు కొంటుండ్రి. గప్పుడు."

"అంటే పొద్దు ఇంకా ఉన్నది. రమ డ్యూటీకి ఎప్పుడొచ్చింది?"

"రాత్రి ఎనిమిదింటికి. నేనే చూసిన."

"మీ అవ్వ ఎన్నేండ్ల సంది బీడీలు చుట్టవట్టె?"

"నేను పుట్టకముందు సంది."

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న గట్ల ముక్కు గోక్కున్నదా?"

అతని కళ్ల ముందు తల్లి కూర్చుని బీడీ ఆకు కత్తిరించుకోవడం కదలాడిందేమో, వేళ్లు గాల్లో కత్తెరలా కదిలాయి. "లే," అన్నాడు.

"తంబాకు దురద చేతులకొస్తది నర్సింలూ. వెన్నుల మార్ఫిన్ పోతేనే ఇట్ల ముక్కు, మొకం దురద పెడతది. ఇరవై ఏండ్లు చూసిన నేను. మార్ఫిన్ పగటీలికే మీ అవ్వ ఒంట్ల ఉన్నది. అది మెల్లగ పైకి పాకి, నిద్రల ఊపిరిని ఆపేస్తది. అందుకే గంట గంటకు లేపాలె. రమ డ్యూటీ ఎక్కకముందే ఆ మందు పోయింది. ఈ పిల్ల సంపలే."

నర్సింలు రమ వైపు చూశాడు. ఇన్ని రోజులూ ఆమె పేరు చెప్పి తిట్టి, ఆమె ఇంటి ముందు మన్ను పోసినవాడు. ఇప్పుడు మంచం పట్టె పట్టుకుని ఆమె ముందే కింద కూర్చున్నాడు. "మరి ఎవరు మేడమ్?" అన్నాడు చివరికి.

"అమ్మాయ్, దురద గురించేనా మీరు మాట్లాడుతున్నది?"

అవతలి మంచం మీదినుంచి సుబ్బరత్నమ్మ పిలిచింది. రిటైరైన లెక్కల పంతులమ్మ. మోకాలి చిప్ప ఆపరేషనై నాలుగు రోజులైంది. తలాపున చీటీ మీద 'ఏ' అని ఉంది.

"నాకూ అదే గోలమ్మా మొదటి రోజంతా. నొప్పి చిటికెడు లేదు, ముక్కు మాత్రం ఊడదీసి పక్కన పెట్టుకుందామా అన్నట్టుంది! హరనాథబాబుతో చెబితే నవ్వేశాడు. కోతల కాలం కదండీ పిన్నిగారూ, వడ్ల దురద అన్నాడు. ఒరే అబ్బాయ్, నేను వడ్లు ముట్టుకుని పాతికేళ్లయింది, మా పొలమంతా కౌలుకే ఇచ్చేశాం అన్నాను. వింటేగా!"

"పక్కామెకు గూడ దురద ఉన్నదా?"

"ఆవిడకా? పాపం రాత్రంతా మూలుగే. గోకుడు మాత్రం లేదు."

పక్కామె చీటీ మీద 'బీ' అని ఉంది. బీడీలు చుట్టే మనిషే. జమునాబాయికి చెప్పలేనంత కోపం వచ్చింది, దాని వెనకే దుఃఖం వచ్చింది. ఒకే గది, ఒకే దుప్పట్లు, ఒకే కోతల కాలం. తంబాకు ముట్టుకునే మనిషికి దురద లేదు, ఏదీ ముట్టుకోని పంతులమ్మకు ఉంది. ఈ కాలువ కింది ఊళ్లలో బీడీ చుట్టేవాళ్లు తంబాకును తిట్టుకున్నారు, పొలం వాళ్లు వడ్లను తిట్టుకున్నారు. మందును ఒక్కరూ అనుమానించలేదు. ఆ డాక్టరుకు అంతకన్నా ఏం కావాలి?

"పా రమా," అంది. "ఇగ ఆయననే అడుగుదాం."

హరనాథబాబు తన గదిలో అనిల్‌కుమార్‌తో టీ తాగుతున్నాడు. తాతలనాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తెల్లచొక్కా నలగని మనిషి. జమునాబాయి చెప్పినదంతా విని కప్పు నెమ్మదిగా కింద పెట్టాడు.

"దురద సాక్ష్యం అంటారేమిటండీ జమునాగారూ? రేపు తుమ్ము కూడా సాక్ష్యమంటారా? మీ కమిటీ నవ్వుతుంది."

"నవ్వనియ్యుండ్రి. అరవై మందిల ఒక్కరికి దురద లేదని రాసిండ్రు. మీ కిటికీల పౌడర్ డబ్బాలు దుకాణం పెట్టుకునేటన్ని ఉన్నయి."

"వడ్ల దురద రాసుకుంటూ కూర్చుంటే పరిశోధన ఎప్పుడు చేస్తామండీ?"

"గది నిజమే మేడమ్," అని అనిల్‌కుమార్ అందుకున్నాడు. "కోతలప్పుడు మా ఇంటిల్లిపాది గోక్కుంటనే ఉంటం. గీ దురద పట్టుకొని హంతకురాలిని ఇడిచిపెట్టమంటరా?"

"వడ్ల దురద మెడకు, చేతులకు. నీళ్లు పోసుకుంటే పోతది. ముక్కుకు ఎక్కదు. మీ మందుల మార్ఫిన్ ఎవరు కలుపుతుండ్రు డాక్టర్ సాబ్?"

హరనాథబాబు నవ్వాడు. ఆ నవ్వులో తొణుకు లేదు.

"నన్నడిగితే ఎలా? పెట్టెలు కంపెనీవాళ్లు హైదరాబాదులో సీలు వేసి పంపిస్తారు. ఏ పెట్టెలో ఏముందో నాకే తెలియదు. నాకు తెలియకపోవడమే ఈ పరిశోధనకు ప్రాణం. రోగికి తెలియదు, నర్సుకు తెలియదు, నాకు తెలియదు. అందుకే దీన్నెవరూ వేలెత్తి చూపలేరు. మీరు కూడా!"

అక్కడే ఆయన బలమంతా ఉంది. ఆయనకు తెలియదని రుజువైతే నేరం హైదరాబాదు కంపెనీ మీదికి పోతుంది, అది తేలేలోపు రమ జీపెక్కుతుంది. గోడ గడియారం ఐదుకు దగ్గర పడింది. అనిల్‌కుమార్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఇగ అయిపోయింది మేడమ్. మందును బద్నాం చేయకుండ్రి. గా మందు మాటలకందదు. పొద్దున నేనే సార్‌ను బతిమాలి మా అమ్మకు 'ఏ' పెట్టెలదే పెట్టించిన. 'బీ' నాకొద్దన్న. నొప్పే లేదు ఆమెకు."

హరనాథబాబు చెయ్యి కప్పు మీదే ఉండిపోయింది.

"ఏందన్నరు?" అంది జమునాబాయి.

"మా అమ్మకు. తుంటి విరిగింది. ఆపరేషన్ ఉంటే చెప్పిన. సిఫార్సు చేసుడు తప్పా? మన మనిషికి మంచిది ఇయ్యమని అడగమా?"

"తప్పు గాదు. ఊళ్లె అందరు అడిగేదే." జమునాబాయి అనిల్‌కుమార్‌ను చూడటం లేదు. బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి డాక్టరు మొహంలోకి వంగింది. "హరనాథబాబుగారూ, ఏ పెట్టెల ఏముందో మీకు తెల్వదు. మరి ఈయన అడిగితే మంచిది ఏదో ఎట్ల ఏరి పెట్టిండ్రు?"

హరనాథబాబు పెదవులు తడుపుకున్నాడు.

"అదీ... మొహమాటానికి అన్నానండీ. ఏదో ఒకటి ఇచ్చి..."

"లేదు సార్," అన్నాడు అనిల్‌కుమార్, ఇంకా అర్థంకాక. "నా ముంగటనే సీలు చూపించి 'ఏ' తీసిండ్రు గదా! మొన్న ఎమ్మార్వో మామకు గూడ గదే ఇచ్చిన అన్నరు గదా!"

"పరపతి ఉన్నోళ్లకు 'ఏ', లేనోళ్లకు ఏది దొరికితే అది," అంది జమునాబాయి. "అంజమ్మకు 'ఏ' రావడం ఆమె ఖర్మ. మీ కొత్త మందుకు నొప్పి తగ్గలేదు, అవునా? ఉత్త నీళ్ల లెక్క పనిచేసింది. పేరు పోతదని మార్ఫిన్ కలిపిండ్రు. బీరువా రెండో తాళంచెవి మీది. నర్సు చెవి డ్యూటీ గదిల మేకుకు వేలాడుతది, నేను చూసిన."

"నొప్పి తగ్గిందా లేదా?" హరనాథబాబు ఒక్కసారిగా అరిచాడు. చొక్కా కాలరు తడిసింది. "అది చెప్పండి! ఇంతమందిని ఏడవకుండా ఇంటికి పంపాను. ఒక్క ప్రాణం పోయిందని..."

"ఒక్క ప్రాణమా?"

ఆ మాటన్నది నర్సింలు. ఎప్పుడొచ్చాడో గుమ్మంలో ఉన్నాడు.

జమునాబాయి అప్పటికే అనిల్‌కుమార్ భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. గెలిచానన్న సంతోషం ఆమెలో ఎక్కడా లేదు.

"మీ అమ్మ ఎట్లుంది ఇప్పుడు?"

"మంచిగ పండుకున్నది. నొప్పి రూపాయికి రూపాయి పోయింది. జర ముక్కు..." అని ఆగిపోయాడు.

"ముక్కు?"

"రోడ్డు మీద వడ్లు ఆరబోసుకుంట జారిపడ్డది గదా. వడ్ల దురదనుకున్న." ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "నేనే పౌడర్ రాసిన మేడమ్. నా చేతులతోని రాసి, పండుకో అమ్మా అని పై గది తలుపు దగ్గరకేసి వచ్చిన."

ఆ తర్వాత ఎవరు ముందు పరుగెత్తారో ఎవరికీ గుర్తులేదు. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం రమ అందరికన్నా ముందుంది. కానిస్టేబులు "ఆగు" అని అరుస్తూ వెనకబడింది.

గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. మంచం మీద ముసలామె నోరు తెరుచుకుని పడుకుంది. ముక్కు మీద, బుగ్గల మీద తెల్లగా పౌడరు. పెదవులు నల్లబడుతున్నాయి. ఒక గురక వినిపించింది. తర్వాతది రాలేదు. జమునాబాయి ఆమె రొమ్ము మీద చెయ్యి వేసి ఎదురుచూసింది. వచ్చింది, కానీ రావాల్సినప్పుడు రాలేదు.

"విరుగుడు సూది, నలాక్సోన్! ఎక్కడుంది రమా?"

"లేదు మేడమ్. ఈ మందుకు అక్కరలేదని సార్ కొనుడే బంద్ చేసిండు."

"సర్కారు దవాఖానల ఉంటది. జీపు పంపుండ్రి!"

అనిల్‌కుమార్ కిటికీలోంచి డ్రైవరుకు కేకేశాడు. మందు పేరు రెండుసార్లు తప్పు పలికాడు. మూడోసారి రమే అరిచి చెప్పింది. చెబుతూనే ముసలామె తలాపుకు చేరి, రెండు చేతులా దవడ పైకెత్తి, ఊపిరి మాస్కు మొహానికి అదిమిపట్టింది. జమునాబాయి మాస్కుకున్న గాలి సంచిని నొక్కసాగింది.

"అవ్వా! ఓ అవ్వా! నిద్రపోకు. ఊపిరి తీస్కో," అని రమ చెవిలో అరుస్తోంది. "తీస్కో అవ్వా, ఇంకొక్కటి!"

ముసలామె రొమ్ము లేచింది. సంచి నొక్కినంతసేపే లేస్తోంది. సొంతంగా మాత్రం లేవడం లేదు.

కింద మెట్ల దగ్గర అలికిడైంది. "తప్పుకోవయ్యా, నేను చూడాలి," అని హరనాథబాబు గొంతు. "చూసుడు అయిపోయింది. నువ్వు ఇక్కడికెళ్లి కదిలితే చూడు," అని నర్సింలు గొంతు. ఆ తర్వాత ఎవరూ పైకి రాలేదు, ఎవరూ బయటికి పోలేదు.

అనిల్‌కుమార్ తల్లి కాళ్ల దగ్గర నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియని చేతులు ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఎస్పీ.

"ఏమైంది అనిల్? ఆ నర్సును అరెస్టు చేశావా? ఇక్కడ పత్రికలవాళ్లు కూర్చున్నారు. చేశావా లేదా? ఒక్క మాట చెప్పు."

రమ తలెత్తి చూడలేదు. నుదుటి చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయడం లేదు.

"లేదు సార్," అన్నాడు అనిల్‌కుమార్.

"ఎందుకు? ఉద్యోగం వద్దా నీకు?"

"ఆమె రెండు చేతులు మా అమ్మ మొకం మీదున్నయి సార్. తియ్యమని నేను చెప్పను. మీరు చెప్పినా చెప్పను."

ఫోన్ కట్ చేసి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తల్లి చెయ్యి పట్టుకున్నాడు. వేలిగోళ్లు నీలంగా ఉన్నాయి. కింద వీధిలో జీపు చప్పుడు ఇంకా వినిపించలేదు.

"తీస్కో అవ్వా," అంటోంది రమ. "ఇంకొక్కటి."